పత్తిపువ్వు గీసిన కాగితం

ఎమ్మిగనూరు,
12 జూన్ 1955

ఇమాం సాబన్నకు,

కృపమ్మ రాసుకునేది. నువ్వు, దౌలత్‌బీ వదిన ఎట్లుండారు? మేము ఉండాము. నీ బావ మాదన్న మగ్గాల కాడ నూలు మూటలు మోస్తాడు, నేను కండెలు చుడతాను. ఆదోని ఇడిసి రెండేండ్లాయ. చేతిలో గరిటె పోయి రాట్నం వచ్చింది, అంతే.

నిన్న సంతలో మన ఆదోని బడి ఆయా కనపడి ఒక మాట చెప్పింది. రీడెల్ దొర పెట్టెలు జర్మనీకి పోతాండాయంట, నీ పుస్తకాలు కట్టే అంగట్లోనే కాగితాలన్నీ సర్దుతాండారంట. ఏమన్నా, ఆయన మట్టిలోకి పోయి ఆరు నెల్లు కాలేదు, అప్పుడే ఆయన పాటలు ఓడెక్కేస్తాండాయా? నాకొక ముక్క రాయాలని నీకు తోచలేదా? ఏడేండ్లు ఆ ఇంట్లో వండిపెట్టినదాన్ని. అంత పెద్ద పాటల దొరకు జొన్నరొట్టె తుంచేది నేర్పించింది నేను. నీకు మాత్రం కృపమ్మ గుర్తుకు రాలేదు. కానీలే.

తిట్టేది తర్వాత. అడగాల్సింది ఒకటుంది. ఆ కాగితాల్లో నా లేయ పాట ఉంది. వంటింటి వసారాలో నా బిడ్డ బొమ్మకు పేలిక చుడతా పాడుకుంటాంటే, దొర పీట లాక్కోని ఎదురుగా కూర్చోని, ఐదు గీతల కాగితం మీద పెన్సిలుతో చుక్కలు పెట్టుకున్నాడు. అది చూసి లేయ కూడా పెన్సిలు తీసుకోని మూలన ఒక పత్తిపువ్వు గీసింది. ఆయన చెరపలేదు, నవ్వినాడు. అప్పుడు దానికి ఎనిమిదేండ్లు. తర్వాత మూడు నెల్లకే కరువు జ్వరంలో పోయింది, నీకు తెలియంది కాదు.

ఆ ఒక్క కాగితం నాకు కావాల. తక్కినవి ఏ దేశానికన్నా పంపుకోండి.

నీ చెల్లెలు,
కృపమ్మ


ఆదోని,
21 జూన్ 1955

చెల్లెలు కృపమ్మకు ఇమాం సలాములు.

నీ జాబు చదివి నేను నవ్వినా, దౌలత్‌బీ ఏడ్చింది. నీ తిట్లు విని ఎన్నాళ్ళయిందో అని ఆమె ఏడుపు. నాకైతే కడుపు నిండింది.

జరిగింది చెప్తా విను. దొరకు ఒక చెల్లెలుందంట, ముసలామె. ఆమె ఊర్లో పాటలు కట్టినోళ్ళ కాగితాలన్నీ దాచిపెట్టే ఒక భవనం ఉందంట. దొర కాగితాలు ఒక్క ముక్క వదలకుండా పంపమని రాసినారు. చూడు తమాషా. ఒకప్పుడు ఆయన పాట వాయిస్తే జైల్లో వేస్తామని తరిమింది ఆ దేశమే. ఆయన ఓడెక్కి వచ్చి మన ఎండల్లో పడినాడు. యుద్ధంలో తెల్లోళ్ళు "నువ్వు జర్మనీవాడివి" అని ఆయన్నే మళ్ళీ కంచెల్లో పెట్టినారు. ఇప్పుడు అందరికీ ఆయన ముద్దయినాడు.

బడిలో హార్మోనియం నేర్పే సిద్దప్ప అయివారు సాయంత్రాలు వచ్చి కూర్చుంటాడు. ఆ చుక్కలు చదవడం వచ్చినది ఈ ఊర్లో ఆయనొక్కడికే. ఆయన ఏ పాటో చెప్తాడు, నేను జాబితా రాస్తా. పద్నాలుగు పుస్తకాలయినాయి, అన్నీ నా చేత కట్టినవే. ఆ ఐదేసి గీతలు కూడా నేను గీసినవే కదా! అట్లాంటి కాగితం మన పక్క దొరకదని, దొర ఐదు పండ్ల ఇత్తడి కలం నా చేతికిచ్చినాడు. సిరాబిళ్ళ కరిగించి, రీముకు రీము గీసేవాణ్ణి. ఆయన పాటలు నా గీతల మీద నడిచినాయని జర్మనీలో ఎవరికి తెలుస్తుంది?

నీ కాగితం వెతుకుతాములే. తొందరేముంది, పెట్టెలు సెప్టెంబరు మొదట్లో గాని కదలవు.

మీ అన్న,
ఇమాం


ఎమ్మిగనూరు,
4 జూలై 1955

అన్నా,

తొందరేముంది అని రాసినావు. చెప్తా. సిగ్గిడిసి చెప్తా. ఇది మాదన్నకు తప్ప ఎవురికీ చెప్పలేదు.

నా బిడ్డ పాట రాగం నేను మర్చిపోయినా.

మాటలు ఉండాయి. రాస్తా చూడు.

పత్తిపువ్వా పత్తిపువ్వా ఎవురికోసరం విచ్చుకుంటివే,
అమ్మ కోకకా, నాయన పంచెకా,
నా బొమ్మకు రవ్వంత పేలికకా.

అది కట్టుకున్న పాట, ఎవురూ నేర్పలేదు. దినాం పది మార్లు పాడేది, "నోరు మూయే, తలకాయ నొస్తాంది" అని అరిచేదాన్ని. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఏసు గుడి పాటల రాగం వస్తాంది. లేకుంటే కండెలు చుట్టేటప్పుడు ఈడ ఆడోళ్ళు పాడేది వస్తాంది. దానిది రాదు. ఒక పొద్దు గొంతు దాకా వచ్చినట్టే వచ్చి పోయింది. మాదన్నను అడిగితే లేచి బయటికి పోయినాడు. రెండు మార్లు అడిగినా, రెండు మార్లూ లేచిపోయినాడు.

దాని పటం లేదు. గౌను సమాధిలోకే పోయింది. ఆ కాగితమొక్కటే ఉంది అన్నా. సిద్దప్ప అయివారు హార్మోనియం మీద ఒక్కసారి వాయిస్తే చాలు, నేను పట్టుకుంటా. కన్నదాన్ని, పట్టుకోలేనా?

కృపమ్మ


ఆదోని,
19 జూలై 1955

కృపమ్మా,

నీ జాబు వచ్చి శానా దినాలాయ. జవాబు రాయాలని కలం పట్టడం, పెట్టేయడం, ఇట్ల గడిచింది.

లేయ పేరు దొరికింది. పదమూడో పుస్తకంలో ఒక పేజీ పైన దొర చేత్తో "లేయ" అని ఆయన భాషలో రాసి ఉందని అయివారు చదివినాడు. కింద నా గీతలుండాయి. చుక్కలు లేవు. అయివారు దాన్ని తిప్పి తిప్పి చూసినాడు. పెన్సిలు రాతను దొర ఎప్పుడూ సిరాతో పుస్తకంలోకి ఎక్కిస్తాడు కదా, ఆ ఒక్క పాట ఎక్కించలేకపోయినాడేమో అన్నాడు. లేయను సమాధి చేసిన దినం సందకాడ దొర బల్ల ముందర కూర్చోని ఉండటం తాను చూసినాడంట.

పెన్సిలు కాగితం ఇంకా దొరకలేదు. వెతుకుతాండాము. నాకు కోసిగిలో రొంత పని ఉంది, పోయొచ్చినాక రాస్తా. నువ్వు వేళకు తిను.

ఇమాం


ఎమ్మిగనూరు,
26 జూలై 1955

ఇమాం సాబన్నా,

నువ్వేదో దాస్తాండావు. నీ జాబులో నవ్వు లేదు, నా మీద విసురు లేదు, ఉత్తుత్తగా "వేళకు తిను" అని రాస్తావా? నువ్వు నాకు అట్ల యాపొద్దన్నా చెప్పినావా?

దొర కాగితం పారేసే మనిషి కాదు. సబ్బు చుట్టిన కాగితాన్ని కూడా సాపు చేసి పెట్టుకునేవాడు. పెన్సిలు రాసిన కాగితాలు మరి ఏమైతాండె? పుస్తకంలోకి ఎక్కించినాక ఎవురికిచ్చేవాడు? నేను బల్ల తుడిచినదాన్ని, నాకు తెలుసు. కట్ట కట్టి నీ అంగడికే పంపేవాడు. రెండు మార్లు నేనే తెచ్చి నీకిచ్చినా.

అవి ఏం చేసినావో రాయి. కాల్చినావా? కాల్చినా అని రాయి. ఏమన్నా రాయి గాని, వెతుకుతాండాము అని మాత్రం రాయొద్దు.

కృపమ్మ


ఆదోని,
10 ఆగస్టు 1955

కృపమ్మా,

ఖుదా సాక్షిగా ఇప్పుడు ఏదీ దాచను.

కరువు ఏడు గంజి కేంద్రం కాడ మనమిద్దరం ఒకే వరసలో నిలబడినాము. ఆ ఏడు మద్రాసు నుండి నాకు అట్టలు రాలేదు. అట్ట లేంది పుస్తకం ఎట్ల కట్టేది? మా నాయన నేర్పిన పని ఒకటుంది. పనికిరాని కాగితాలు పదో పన్నెండో మైదా గంజితో ఒకదాని మీద ఒకటి అంటించి, పురుగు పట్టకుండా రొంత మైలుతుత్తం కలిపి, రాయి కింద పెట్టి ఎండబెడితే అట్టయితాది. దొర ఇచ్చిన పెన్సిలు కాగితాలు అట్ల అట్టలయినాయి. "ఇవి ఎక్కించేసినా ఇమాం, తీసుకో" అనేవాడు. లేయ పోయిన రెండో నెలలో కూడా ఒక కట్ట ఇచ్చి అదే మాట అన్నాడు. ఆయన కండ్లు అప్పటికే మసక. మనసు ఎట్లుండెనో నీకు తెలుసు.

ఇప్పుడు అసలుది. ఆ కట్టలో ఒక కాగితం మూలన పిల్ల చేతి పువ్వు కనపడింది. నా చెయ్యి ఆగింది. దొరను అడిగొద్దామా అనుకున్నా. ఇంతలో గిరాకీ వచ్చి కేకేసినాడు, గంజి ఆరిపోతాంది. అంటించేసినా. అది లేయ గీసిన పువ్వని నీ మొదటి జాబు చదివేదాకా నాకు తెలియదు కృపమ్మా. చదివినాక నవ్వుతా జవాబు రాసినా గాని, అన్నం దిగలేదు.

ఆ కట్టతో చేసిన అట్టలు మూడు పుస్తకాలకు పోయినాయి. ఒకటి కోసిగిలో నాటకాలాడే ఈరన్నది. నేను పోయి, ఆయన కాళ్ళావేళ్ళా పడి, ఆవిరి పట్టి అట్ట విప్పినా. లేదు. రెండోది పెద్దకడుబూరు బడిలో హాజరు పుస్తకం. దాన్నీ విప్పినా. దాంట్లోనూ లేదు.

మూడోది నీ గుడి పాటల పుస్తకం. అట్ట ఊడిందని నేనే నీ చేతిలోనుండి తీసుకోని కట్టిచ్చినానే, అది. మూడేండ్లుగా నీ బిడ్డ పాట నీ చంకలోనే గుడికి పోతాంది.

నన్ను మాఫ్ చేయమని అడిగే మొహం లేదు.

ఇమాం


ఆదోని,
11 ఆగస్టు 1955
(కార్డు)

కృపమ్మా, నిన్నటి జాబులో ముఖ్యమైంది మరిచినా. పుస్తకం అట్ట నువ్వు విప్పొద్దు. నీళ్ళు అస్సలు తగలనీయొద్దు. చుక్కలు పెన్సిలువి గాని, గీతలు నా సిరాబిళ్ళ సిరావి, తడిస్తే నిలవవు. ఇరవై ఒకటో తేదీ ఆదివారం బస్సుకు నేనే వస్తా. ఆవిరి పట్టి పొర పొరగా తీస్తా. అంతదాకా ముట్టొద్దు.

ఇమాం


ఎమ్మిగనూరు,
13 ఆగస్టు 1955

అన్నా,

నీ కార్డు నిన్న పొద్దున వచ్చింది. నీ జాబు మొన్న సందకాడే వచ్చింది. ఒక్క రాత్రి అన్నా, ఒక్క రాత్రి.

జాబు చదివినాక నేను ఆగుతానా? తెల్లారేదాకా యాడ ఆగేది? నూలుకు పట్టిన గంజి వదలాలంటే ఈడ ఏం చేస్తాము, వేడినీళ్ళలో నానేస్తాము. దినాం చేసే పనే కదా. గంజి యాడైనా గంజే అనుకుంటి. అట్ట కోసి, గంగాళంలో వేసి, నూలు చిక్కు తీసినట్టు మెల్లగా ఒక్కో పొర తీసినా. నీళ్ళు నీలంగా తిరిగినాయి. నువ్వు తుత్తం కలిపినా అని రాసినావు కదా, ఆ రంగేలే అనుకుంటి. నీ గీతలు కరుగుతాండాయని నాకేం తెలుసు.

ఏడో పొర మీద పత్తిపువ్వు కనపడింది. నా బిడ్డ గీసిన పువ్వు. ఐదు రెక్కలు గీసి, ఒక రెక్క పెద్దదైపోయిందని అది అలిగింది, అదే రెక్క. కాగితాన్ని చెంపకు ఆనించుకోని ఏడిస్తి. దీపం కాడికి తెచ్చి చూసినాక తెలిసింది, చుక్కలుండాయి, గీతలు లేవు.

తెల్లారి కాగితం తీసుకోని ఈడ గుడి అయ్యగారి కాడికి పరిగెత్తినా, ఆయనకు రొంత వాద్యం వచ్చు. చూసి తల అడ్డంగా ఊపినాడు. చుక్క ఏ గీత మీద ఉందో తెలిస్తేనే స్వరం, గీత లేని చుక్క ఏం పలుకుతుందమ్మా అన్నాడు.

నిన్ను తిట్టాలని కూర్చున్నా. నువ్వు గంజి పూసి దాచినావు, నేను నీళ్ళు పోసి కడిగేసినా. ఎవుర్ని తిట్టేది? నా చేతులు చూసుకుంటే కోపమొస్తాంది.

కృపమ్మ


ఆదోని,
17 ఆగస్టు 1955

చెల్లెలా,

ఏడుపు ఆపి ఇది చదువు. ఆ పదమూడో పుస్తకంలో గీతలుండి చుక్కలు లేని పేజీ ఉందే! ఆ గీతలూ నావే, ఆ కలంతో గీసినవే, గీతకు గీతకు మధ్య ఆ ఎడమే. నీ కాగితాన్ని దాని మీద పరిచి ఎండకు పట్టి చూస్తే చుక్కలు గీతల మీద కూర్చుంటాయని సిద్దప్ప అయివారు అంటాండాడు.

కాగితం మడవొద్దు. రెండు పలకల మధ్య పెట్టి, మెత్తగుడ్డ చుట్టి, ఈ నెల ఇరవై ఎనిమిదో తేదీ ఆదివారం బస్సుకు రా. పెట్టెలకు మేకులు సెప్టెంబరు ఎనిమిదిన కొడతారు. దౌలత్‌బీ నీకు ఇష్టమని గోంగూర తెప్పించి పెడతానంటాంది. మాదన్నను కూడా పిలుచుకోని రా.

ఇమాం


ఆదోని,
1 సెప్టెంబరు 1955

కృపమ్మా,

నువ్వు ఆ దినం అన్నం ముట్టకుండా లేచిపోతివి. దౌలత్‌బీ అన్నం మూట పట్టుకోని బస్సు దాకా పరిగెత్తింది, నువ్వు వెనక్కి తిరగలేదు. ఆమెకేమీ కోపం లేదు. నాకు నిద్ర లేదు.

తడిసి ఆరిన కాగితం ముడుచుకోని సాగింది, సరిగ్గా యాడ ఆనించాలో తెలియదు, అందుకే అయివారు మూడు రకాలుగా వాయించినాడు. ఆయన తప్పు లేదు. ఉన్నచోటనే ఉంచితే ఒక రాగం, చుక్కలన్నీ ఒక మెట్టు పైకి జరిపితే ఇంకొకటి, ఒక మెట్టు కిందికి జరిపితే మరొకటి. మూడూ పసిపిల్ల పాటల్లానే ఉండాయి. మొదటిది వాయిస్తాంటే నువ్వు కొంగు నోట్లో కుక్కుకున్నావు. రెండోదానికీ అట్లే. మూడోదానికీ అట్లే. అప్పుడు అయివారు "ఏదమ్మా?" అని అడిగినాడు. ఆ మాట అడగకుండా ఉండాల్సింది.

ఇప్పుడు నేనొకటి అడగాల. గురువారం మేకులు కొడతారు. ఆ ఖాళీ పేజీ నింపి పంపుదామా అని అయివారు అడుగుతాండాడు. లేయ పేరు కింద పాట ఉంటే, ఆ దేశంలో ఎవరో ఒకరు ఎప్పుడో వాయిస్తారు కదా. నాకు రెండోది బాగుండె. మొదటిదో, రెండోదో, మూడోదో, నువ్వు ఏది అంటే అది. కార్డు మీద ఒక్క అంకె రాసి పంపు, చాలు.

ఇమాం


ఎమ్మిగనూరు,
5 సెప్టెంబరు 1955

ఇమాం సాబన్నకు,

దౌలత్‌బీ వదినకు చెప్పు, ఆ దినం నేను అలిగి పోలేదని. నాకు సిగ్గయింది అన్నా. నలుగురి ముందర, కన్నబిడ్డ పాట ఏదని అడిగితే చెప్పలేని తల్లి ఎట్ల కూర్చుంటుంది? వాయించకముందు అనుకుంటి, విన్న క్షణాన ఇదే అని అరుస్తా అని. మొదటిది వింటానే ఇదే అనిపించింది. రెండోది వింటానే కాదు, ఇదే అనిపించింది. మూడోది మొదలుపెట్టినాక నాకు ఏమీ తెలియలేదు. అప్పుడు నా బిడ్డ నిజంగా పోయిందనుకుంటి. మట్టి వేసిన దినం కూడా అట్ల అనిపించలేదు.

ఆ పేజీలో ఏదీ రాయొద్దు. అంకె పంపమన్నావు, పంపను. నాకు తెలియనిదాన్ని దాని పేరు కింద పెట్టి సముద్రం దాటించలేను. దొర ఆ పేజీ ఖాళీగా ఇడిసింది రాయలేక. ఆయన ఇడిసినట్టే పోనీ. జాబితాలో మాత్రం ఒక ముక్క రాయి. ఈ పాట పాడింది లేయ, వంటమనిషి కృపమ్మ కూతురు, ఎనిమిదేండ్లు, ఆదోని అని. చుక్కల కాగితం తల్లి కాడ ఉందని రాయి. ఎవురికన్నా కావాలంటే ఎమ్మిగనూరికి రమ్మను.

నిన్ను మాఫ్ చేసినానా అని నీ జాబుల్లో ప్రతి ముక్కా అడుగుతాంది. గిరాకీ కేకేస్తే చెయ్యి కదలకుండా ఎవురికుంటుంది? నేనూ దాన్ని నోరు మూయమని అరిచినదాన్నే కదా. ఇంక ఆ మాట ఎత్తొద్దు. ఈసారి జాబులో నన్ను రొంత ఎగతాళి చేయి, నువ్వు మంచిగా రాస్తాంటే నాకు భయమవుతాంది.

ఇంకొకటి. అయివారు వాయించిన మూడూ నాకు తలలో ఉండాయి. బస్సులో కిటికీ కాడ కూర్చోని ఎమ్మిగనూరు వచ్చేదాకా అవే గొణుక్కుంటా వచ్చినా, పోతాయేమోనని. ఇప్పుడు దినాం కండెలు చుట్టేటప్పుడు మూడూ పాడతాను. ఆ మాటలే, మూడు రకాలుగా. పక్కన ఆడోళ్ళు నవ్వుతారు, నవ్వనీ. మూడింట్లో ఒకటి నా బిడ్డది. ఏదో తెలియదు గాని, మూడూ పాడితే దానిది పాడినట్టే కదా అన్నా.

నిన్న సందకాడ పొయ్యి కాడ పాడుకుంటాంటే మాదన్న వచ్చినాడు. లేచిపోతాడులే అనుకుంటి. పోలేదు. గడప మీద నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. మూడూ అయిపోయినాయి. ఇంకొకసారి పాడు అన్నాడు.

"యాది?" అని అడిగితి.

"మూడూ" అన్నాడు.

నీ చెల్లెలు,
కృపమ్మ